పెత్రమాసకు నాలుగు పేర్లు

నాకు ఓపిక తక్కువ. ముప్పై ఏళ్ళు కాలేజీలో జీవశాస్త్రం చెప్పినా అది అలవడలేదు. కుక్కర్‌లో ఆవిరి పోకముందే మూత తీయబోయి చేయి కాల్చుకునే రకం నేను. ఉద్యోగంలో కూడా ఒకసారి అలాగే చేశాను, కాకపోతే ఆ వేడి తగిలింది వేరేవాళ్ళకు. కొత్తగా పాఠాలు చెప్పడానికి వెళ్తున్న మీలాంటి పిల్లలు "మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. నా సన్మానాల సంగతి చెబితే మీకు ఆవలింతలు వస్తాయి. అందుకని ఇది చెబుతున్నాను.

మా నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సాంచెల మీద పనికి సూరత్ వచ్చాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. సూరత్‌లోని ఉధ్నా వాడలో ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే చదివి, ఈ ఊళ్ళోనే లెక్చరర్‌నయ్యాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో గుజరాతీ. మూడు భాషల్లోనూ నా నోరు ఒకేలా నడుస్తుందని మా ఆయన అంటాడు. అది మెచ్చుకోలు కాదు.

రిటైరవడానికి రెండేళ్ళున్నాయనగా మా విభాగాధిపతి నన్ను పిలిచి, ఈ ఏడు నుంచి కొత్త పేపరు పెడుతున్నాం, జెనెటిక్ జీనియాలజీ, మీరే చెప్పాలి అన్నాడు. డీఎన్‌ఏను పట్టుకుని వంశవృక్షాన్ని వెతికే విద్య అది.

"నేనెప్పుడూ చదవలేదు కదా సార్" అన్నాను.

"బచ్చే భీ తో నహీ పఢే, మేడం" అన్నాడాయన. పిల్లలూ చదవలేదు కదా అని.

అలా యాభై ఏడో ఏట మళ్ళీ విద్యార్థినయ్యాను. నాకు నేర్పింది నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన సహోద్యోగి, గుజరాతీ అబ్బాయి. లెక్కల్లో దిట్ట, మాటల్లో పొదుపరి. సాయంత్రాలు నాలుగింటికి ల్యాబులో కూర్చోబెట్టి చెప్పేవాడు. తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోము దాదాపు మారకుండా వస్తుంది. దానిమీద కొన్ని చోట్ల ఒకే తునక పదే పదే వస్తుంటుంది. ఏ చోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ఒక అంకెల వరుస తయారవుతుంది. ఇద్దరు మగవాళ్ళ వరుసలు కలిస్తే ఇద్దరూ ఒక మగ మూలం నుంచి వచ్చారని అర్థం. ఒకటో రెండో అంకెలు తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. చాలా తేడా వస్తే ఆ ఇద్దరూ ఒక తాత మనవలు కారు. మీకు తెలియాల్సిన శాస్త్రం ఇంతే.

విదేశీ పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమంతా ఇంటిపేర్ల గురించి ఉంది. ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, వై క్రోమోజోమూ తండ్రి నుంచే వస్తుంది, కాబట్టి రెండూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయన్నది దాని సారం. నేను దాన్ని తు.చ. తప్పకుండా మింగేశాను.

మొదటి వారం పిల్లల్ని ఎవరి వంశవృక్షం వాళ్ళను రాసుకురమ్మన్నాను. గుజరాతీ పిల్లల్లో కొందరు వాళ్ళ కుటుంబాల వంశావళి పుస్తకాలు చదివే బారోట్‌లను అడిగి ఏడేసి తరాలు తెచ్చారు. మా తెలుగు పిల్లలిద్దరూ మూడే తెచ్చారు. పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం కదా, అప్పుడు పలికే మూడు పేర్లు. తండ్రి, తాత, ముత్తాత. ఆపైన వాళ్ళను తలిచే తీరిక నేతపని చేసే వాళ్ళకు ఎక్కడిది?

ఆ ఇద్దరూ అన్నదమ్ముల కొడుకులు. ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు, ఉధ్నా నుంచి ఒకే బండి మీద వచ్చేవాళ్ళు. పెద్దాయన కొడుకు వాగుడుకాయ, చిన్నాయన కొడుకు మౌనముని. మావాళ్ళని వాళ్ళంటే నాకు కాస్త ముద్దు ఎక్కువ. నమూనాలు ఇవ్వడానికి ఎవరు ముందుకొస్తారని అడిగితే ఇద్దరూ చెయ్యెత్తారు. నాకు పండగే. ఇంటిపేరు సిద్ధాంతానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

"క్లాసులోని పిల్లలవి వద్దు బెన్. పుస్తకంలోని అంకెలతో నేర్పండి" అన్నాడు నా సహోద్యోగి. గుజరాతీలో అక్కనైనా చెల్లినైనా బెన్ అనే అంటారు.

"పుస్తకంలో అంకెలకు నిద్రపోతున్నారయ్యా" అన్నాను.

"అయితే వచ్చిన ఫలితం ముందు మనం చూద్దాం. తర్వాత వాళ్ళకు చూపిద్దాం."

సరేనన్నాను. అప్పటికి నిజంగానే అనుకున్నాను.

పుల్లకు చుట్టిన దూదితో బుగ్గ లోపల రుద్ది ఇచ్చారు. అంగీకార పత్రాల మీద వాళ్ళే సంతకాలు పెట్టారు. ఆ అంకెల్లో వాటా ఉన్న తండ్రులను, తల్లులను, ముసలివాళ్ళను ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహ నాకు రాలేదు.

ఫలితం క్లాసుకు వెళ్ళే ముందు పది నిమిషాలకు నా ఫోనుకు వచ్చింది. నా సహోద్యోగి ఇంకా కాలేజీకి రాలేదు. పది నిమిషాలు ఆగినా, ఒక రోజు ఆగినా ఏ కొంపా మునిగేది కాదు. నేను ఆగలేదు. ఏముంటుందో నాకు తెలుసు కదా! పిల్లల కళ్ళ ముందే విప్పితే వాళ్ళకు ఎంత బాగుంటుందో అనుకుని, ఫైలు తెరవకుండానే తెర మీదికి పంపాను.

తెర మీద రెండు వరుసలు. పేర్లు లేవు, ఒకటి, రెండు అని మాత్రమే ఉంది. పేర్లు దాచి ఏం లాభం? చెయ్యెత్తింది ఎవరో క్లాసంతటికీ తెలుసు. పదిహేడు చోట్లలో పదకొండు చోట్ల అంకెలు కలవలేదు. నేను పాఠం చక్కగా చెప్పినట్టున్నాను. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

"అరే, భాయ్ భాయ్ నహీ నిక్లే!" అన్నాడు వెనక బెంచీ వాడొకడు, వీళ్ళు అన్నదమ్ములు కాదని తేలిందిరోయ్ అని. నవ్వులు. వాగుడుకాయ కూడా ముందు నవ్వాడు, తర్వాత ఆపాడు. మౌనముని పుస్తకాలు కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నమే నా సహోద్యోగి ల్యాబు వాళ్ళకు ఫోను చేసి మళ్ళీ చూడమన్నాడు. నమూనాలు తారుమారయ్యాయేమోనని నా ఆశ. నా తప్పు ఇంకొకరి తప్పు కావాలని దేవుడికి మొక్కుకున్నాను, సిగ్గులేకుండా. మూడోనాడు జవాబొచ్చింది. నమూనాలు సరిగ్గానే ఉన్నాయి, అంకెలూ అవే. నా సహోద్యోగి ఆ కాగితం నా బల్ల మీద పెట్టి తన క్లాసుకు వెళ్ళాడు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని.

ఆ తర్వాతి పది రోజులు నేను నేనుగా లేను. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి బండి కోసం చూసేదాన్ని. వాగుడుకాయ ఒక్కడే వచ్చేవాడు, నన్ను చూసి తల దించుకునేవాడు. స్టాఫ్‌రూములో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. సుద్దముక్కలు విరిచి విరిచి పొడి చేసేదాన్ని. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే మా ఆయన మాట్లాడకుండా పెరుగు కలుపుకున్నాడు. ఆయన కూడా భయపడ్డాడంటే నా వాలకం ఎలా ఉందో ఊహించుకోండి.

పదకొండో రోజు మౌనముని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, క్లాసుల ముచ్చట ఇంట్ల తెల్సింది. పెద్దనాయిన మా అమ్మను ఇంట్లకెల్లి పొమ్మంటుండు. ఎల్లుండి పెత్రమాస గద. అమ్మ, నేను బియ్యం ముట్టద్దంట. మా నాయిన కుచ్ నహీ బోల్తా, బస్ కూసుంటుండు."

"మీ అమ్మ ఏమంటోంది?"

"అమ్మ బ్యాగు సదురుకున్నది." "మేడం, రిపోర్ట్ గలత్ అని రాసియ్యండి. ఒక్క లైన్. ప్లీజ్."

వాడి తల్లి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. ఉధ్నా పక్కనే పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేస్తూ వాడి తండ్రిని ఇష్టపడి చేసుకుంది. ఇంకేం కావాలి? పడుగులో పోగు తెగితే సాంచె ఆగుతుంది గానీ ఎక్కడ తెగిందో వేలితో తడుముకుంటూ పోవాలి. ఆ పట్టిక కూడా అంతే. ఇద్దరు పిల్లలు కలవలేదని మాత్రమే చెప్పింది. ఏ తరంలో, ఎవరి దగ్గర కలవలేదో చెప్పలేదు. తడుముకునే శ్రమ ఎవరూ పడలేదు, బయటి నుంచి వచ్చిన కోడలి మీదికి నేరుగా వేలు పోయింది.

నేను రాసిచ్చాను. దాచుకోను, రాశాను. కాలేజీ కాగితం మీద, నమూనాలు తారుమారు కావడం వల్ల ఫలితం తప్పుగా వచ్చిందని, కింద సంతకం, ముద్ర. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఒకే ఒక్క పచ్చి అబద్ధం. వాడి చేతికిస్తే నమ్మరని నేనే తీసుకెళ్తానన్నాను. మర్నాడు పొద్దున ఆటో ఎక్కి ఉధ్నా వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. పక్క గోడ అవతల సాంచెలు నడుస్తున్నాయి, గట్టిగా మాట్లాడితేనే వినపడుతుంది. పెద్దాయన మంచం మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, మీసం మీద చెయ్యి. తమ్ముడు గడప దగ్గర గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. లోపలి గదిలో తమ్ముడి భార్య చీరకు రాళ్ళు అతికిస్తోంది. ఆమె పక్కనే నిజంగానే సంచి ఉంది. మూలన ఆ అన్నదమ్ముల తల్లి, పిల్లల నానమ్మ, డెబ్భై అయిదేళ్ళు ఉంటాయేమో, చింతపండు గింజలు తీస్తోంది.

"రాండ్రి మేడం" అన్నాడు పెద్దాయన. "మీరే బయటవెట్టిన్రు, మంచిగ చేసిన్రు. మా నాయిన వంశంల గిట్ల కల్తీ అయితదనుకోలే."

ఆ మాటకు నా ఒళ్ళు మండింది. అయినా పొయ్యిలో కట్టె పెట్టింది నేనే. కాగితం బయటికి తీయబోతూ, ఒక క్షణం నాలోని పంతులమ్మ నిద్రలేచింది. అబద్ధం చెప్పకుండా బయటపడే దారి కనిపించింది.

"అన్నా, ఇంకో దారి ఉంది. మీ తమ్ముడిదీ, మళ్ళీ ఆయన కొడుకుదీ నమూనాలు తీసి రెండూ కలుస్తాయేమో చూస్తే..." అన్నాను.

లోపలి నుంచి ఆమె లేచి వచ్చింది. వేళ్ళకు జిగురు అంటుకుని ఉంది. అత్తగారి దగ్గర నేర్చుకున్న తెలుగు, మావాళ్ళ తెలుగే.

"మల్ల పుల్ల పెడ్తరా మేడం? పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. ఈ ఇంట్ల సస్తే ఏడ్చిన, పుడ్తే నవ్విన. నేను జెప్తె నమ్మరు, పుల్ల జెప్తె నమ్ముతరా? ఎవ్వలు నోరు తెరువద్దు. నా కొడుకు తెరువడు, నా పెనిమిటి తెరువడు."

"తప్పు లేకపోతె భయమేంది?" అన్నాడు పెద్దాయన.

"భయం గాదు బావా. రోషం."

తమ్ముడు అప్పుడు కూడా నేలనే చూస్తున్నాడు. నాకు ఆ మనిషిని పట్టుకుని కుదపాలనిపించింది. ఇక లాభం లేదని కాగితం తీశాను. "ఆగండి. అసలు ఆ ఫలితమే..." అని మొదలుపెట్టాను.

"కాయితం లోపల వెట్టు బిడ్డా" అంది ముసలమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నీ లెక్క తప్పు గాదని నాకెరుక. అబద్ధం నాది. నువ్వెందుకు సంతకం వెడ్తవ్?"

ఆమె అరవలేదు. సాంచెల చప్పుడులో వినపడటానికి ఎంత కావాలో అంత గొంతుతోనే చెప్పింది. పెద్దాయన వైపు చూసి చెప్పింది.

"కొడుకా, నువ్వు నా మొదటి పెనిమిటి బిడ్డవు. ఆయన జెరమొచ్చి పోయినప్పుడు నీకు రెండేండ్లు. కులపోళ్ళు మారుమనువు చేసిన్రు. గీ మీ నాయిన నన్ను చేసుకున్నడు, నిన్ను సంకనేసుకున్నడు. ఊళ్ళె ఉంటె పోరనికి ఎవలన్న చెప్తరని గా నెలనే రైలెక్కిచ్చి ఈడికి తెచ్చిండు. వీడు నా పెద్దకొడుకే, ఇంకో మాట నీ నోట్ల రావద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. తమ్ముడు పుట్టినంక గూడ ఎన్నడన్న నిన్ను ఓ తీరు, వాన్ని ఓ తీరు చూసిండా? సచ్చేటప్పుడు గూడ ఏమన్నడు, కొరివి పెద్దోడే వెట్టాలె అన్నడు. యాభయేండ్లు ఆయన మాట కాసిన. ఇయ్యాల నీ నోరు కోడలి బతుకు తీస్తుంటె ఎట్ల కాద్దు?"

మారుమనువు! మా మేనత్తది మారుమనువే. ఆమె వెంట వచ్చిన పిల్లవాడు మా మామ ఇంటిపేరుతోనే పెరిగాడు, చిన్నప్పుడు వాడితో గోళీలు ఆడాను నేను. మావాళ్ళలో ఇంటిపేరు ఒక దారిలో, నెత్తురు ఇంకో దారిలో పోవడం నాకు తెలియని సంగతి కాదు. ఎక్కడో విదేశంలో రాసిన పుస్తకం చదివి, నా ఇంట్లో ఉన్నది మరిచిపోయాను. ఆ తప్పు మా గుజరాతీ అబ్బాయి చేస్తే క్షమించవచ్చు. నేను చేశాను.

పెద్దాయన మీసం మీది చెయ్యి ఎప్పుడో దిగిపోయింది. ఆయన కోపంతో లేస్తాడేమోనని నేను భయపడ్డాను. చివరికి అడిగాడు:

"ఆయన పేరేంది అవ్వా?"

మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పోయిన మొగుడిదైనా అంతే. ముసలమ్మ లేచి, మంచం దాకా నడిచి, కొడుకు చెవి దగ్గర వంగి చెప్పింది. ఇంకెవరికీ వినపడలేదు.

నా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది. పొగరెక్కినప్పుడు తీసి చూసుకుంటాను.

తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఆ కోడలు సంచి విప్పలేదు. నెల తిరగకుండా మొగుణ్ణి, కొడుకుని తీసుకుని ఊరి అవతల కామ్‌రేజ్‌లో అద్దె ఇంటికి వెళ్ళిపోయింది. "అత్తమ్మను చూడనీకి వస్త, ఉండనీకి రాను" అందట. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. ఆమె కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "మీరు పెద్దోళ్ళు, వద్దు" అంది గానీ క్షమించానని అనలేదు. పిల్లలిద్దరూ కాలేజీ గేటు దగ్గర కలుసుకునేవాళ్ళు, రెండు బళ్ళ మీద వచ్చి.

విభాగాధిపతి దగ్గర జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆ ఏడాదికి పేపరు ఆపేశారు. మరుసటి ఏడు నా సహోద్యోగి మళ్ళీ మొదలుపెట్టాడు. క్లాసులోని వాళ్ళ నమూనాలు క్లాసులోకి రాకూడదన్నది ఇప్పుడు రాతలో ఉన్న నియమం. మొదటి పాఠం మాత్రం నన్నే చెప్పమన్నాడు. మారుమనువు, దత్తత, ఇల్లరికం, పెంపకం, ఇవన్నీ బోర్డు మీద రాసి, ఇంటిపేరు ఎన్ని రకాలుగా ఇల్లు మారుతుందో చెప్పి, ఆ తర్వాతే క్రోమోజోము మాట ఎత్తాను. రిటైరయ్యేలోపు ఆ ఒక్క పాఠమైనా తొందరపడకుండా చెప్పాను.

ఇక నేను ఉధ్నా వెళ్ళొచ్చిన మర్నాటి సంగతి. పెత్రమాస పొద్దున నన్ను కూడా రమ్మని కబురొచ్చింది. పంపింది పెద్దాయనే. తిట్టడానికే అయ్యుంటుందని వెళ్ళాను, తిట్లు తినాల్సిన బాకీ నాకుంది మరి.

మావాళ్ళ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగే తెలుగు అయ్యగారు పీట మీద కూర్చున్నాడు. విస్తరాకు వేసి ఉంది. బియ్యం చాట పెద్దాయన చేతిలో ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్ళి తమ్ముడి భార్య ముందు పెట్టాడు.

"నువ్వే పొయ్యాలె అమ్మా."

ఆమె కదల్లేదు. అయ్యగారు ఇంకా అయిదిళ్ళున్నాయన్నాడు. పెద్దాయన వంచిన తల ఎత్తకుండా అలాగే నిలబడ్డాడు. ఆమె ఆయన్ను బాగానే నిలబెట్టింది.

"నిన్న అత్తమ్మ చెప్పకపోతె పొయ్యమందువా బావా?" అంది.

"అనకపోదును" అన్నాడాయన.

నిజం ఒప్పుకున్నందుకేమో ఆమె చాట అందుకుంది. ఆకులో దోసిళ్ళతో బియ్యం పోసింది. తన కొడుకును పిలిచి పక్కన నిలబెట్టుకుంది. పెద్దాయన కూర్చుని పేర్లు చెప్పాడు. తండ్రి, తాత, ముత్తాత. పిల్లలిద్దరూ నా క్లాసుకు రాసుకొచ్చిన అవే మూడు పేర్లు. అయ్యగారు అక్షింతలు తీసుకోబోయాడు.

"ఆగుండ్రి అయ్యగారూ. ఇంకొకటున్నది." ఆయన నాలుగో పేరు చెప్పాడు. మూలన ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఆ పేరు నలుగురికీ వినపడటం అదే మొదలు.

"ఈయన మీకేమైతడు?" అన్నాడు అయ్యగారు.

"నాయిన."

"మరి మొదలు చెప్పిన ఆయన?"

"ఆయన గూడ నాయిననే."

అయ్యగారు అక్షింతలు పట్టుకుని అయోమయంగా అందరివైపూ చూశాడు. తమ్ముడి భార్య ఇంకో విస్తరాకు పరిచి, అందులో కూడా బియ్యం పోసింది.